పూర్తయిన పని

"నావల్లే పోయింది మేడమ్. నన్నేం చేసుకుంటారో చేసుకోండి."

లాకప్‌లో గోడకు వీపు ఆనించి కూర్చున్న ఆ కాపలాదారు, నేను ఏమడిగినా ఈ ఒక్క మాటే తిప్పి తిప్పి చెబుతున్నాడు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర అతని డ్యూటీ. లోపల ప్యాకింగ్ పని అతని భార్యది. పోయిన మంగళవారం సాయంత్రం షిఫ్టులో ఆమె చలిగదిలో ఇరుక్కుపోయింది. బుధవారం ఉదయం తలుపు తీసినవాళ్ళకు శవం కనిపించింది. ఆ తలుపు బయట నుంచే తెరుచుకుంటుంది. తాళంచెవి ఉండేది ఇతని దగ్గర. అంతకు గంట ముందే మొగుడూ పెళ్ళాం గేటు దగ్గర కేకలు వేసుకోవడం నలుగురూ విన్నారు. ఇక ఇన్‌స్పెక్టర్‌కు ఇంతకన్నా ఏం కావాలి? "నావల్లే పోయింది" అన్నదాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాసుకుని, ఇవాళ మధ్యాహ్నం కోర్టుకు తీసుకుపోవడానికి జీపు కూడా సిద్ధం చేయించాడు.

"గొడవ దేనికయ్యా?"

"పొద్దుటి షిఫ్టుకు మారతానంది. పిల్లని బడిలో ఎవరు దింపుతారన్నాను. మాటామాటా పెరిగింది. అంతే."

"తర్వాత?"

"తను లోపలికెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరే ఉన్నాను."

"ఆ గదిలో ఇరుక్కున్నవాళ్ళు బటన్ నొక్కితే పలికే కంపెనీ ఉంది కదా. వాళ్ళు నీకు ఫోన్ చెయ్యాలి. చేశారా?"

అంతవరకూ నా మొహంలోకి చూసి మాట్లాడినవాడు తల పక్కకి తిప్పేసుకున్నాడు.

"చెయ్యలేదు."

"నీ ఫోనేది?"

"మురిక్కాలవలో పారేశాను."

"ఎందుకు?"

మోకాళ్ళ మీద తల వాల్చేశాడు. పోలీసు ఉద్యోగంలోనూ, అది వదిలేశాక ఈ సొంత డిటెక్టివ్ పనిలోనూ అబద్ధాలాడేవాళ్ళను బోలెడుమందిని చూశాను. అందరూ తప్పించుకోవడానికే ఆడతారు. మునిగిపోవడానికి దాచేవాణ్ణి మాత్రం ఇతన్నే చూడటం.

బయట బెంచీ మీద అతని అత్తగారు కూర్చుని ఉంది. చనిపోయినామెకు కన్నతల్లి. ఈ కేసులోకి నన్ను దింపింది కూడా ఆవిడే.

"ఏమన్నాడమ్మా?" అంది లేచి నిలబడుతూ.

"అదే మాట."

"వాడికి మతి పోయింది. అలుగుతాడు, మూతి ముడుచుకుంటాడు, కాసేపటికి తనే వచ్చి ఆకలేస్తోందంటాడు. చెయ్యెత్తే రకం కాదు. నా కూతురు ఎలాగూ పోయింది. వీణ్ణి కూడా పట్టుకుపోతే ఆ పసిదానికి నేనెంతకాలం ఉంటాను చెప్పు?"

ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉంది. నేను గడియారం చూసుకుని అక్కణ్ణించి కదిలాను.

* * *

ఇన్‌స్పెక్టర్‌ను డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఇస్త్రీ అంటారు, అతని ఎదుట తప్ప. మొహం మీద ఈగ వాలినా తోలుకోడు, చొక్కా మడత చెడుతుందని. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నేను నేర్పిన పాఠాలే నాకు అప్పజెబుతుంటాడు.

కోల్డ్ స్టోరేజీని సీలు చేసి పనివాళ్ళను సెలవు మీద పంపేశారు. సరుకు పాడవుతుందని యంత్రాలు మాత్రం నడుపుతున్నారు. ఇస్త్రీ తలుపు తీయించాడు. లోపలి చలి మొహం మీద చెంపదెబ్బలా తగిలింది. అరల నిండా గడ్డకట్టిన బఠాణీ సంచులు. తలుపుకి లోపలివైపు పిడి ఉండాల్సిన చోట నాలుగు మేకు రంధ్రాలు. పిడి ఊడిపోయి నెలలు దాటిందట. బాగు చేయించమని అడిగితే "బటన్ ఉందిగా" అన్నాడట యజమాని. ఆ మాటను నా పుస్తకంలో రాసుకున్నాను. అది ఇంకా మొదలేనని అప్పటికి నాకు తెలియదు.

బటన్ గోడకి ఉంది, ఎర్రగా, రబ్బరు మూత కింద. దానిపైన చిన్న స్పీకర్. స్పీకర్ కింద ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి ఉంది.

"శవం ఎక్కడుంది?"

"ఆ ట్రే మీదే. కూర్చునే ఉంది. గోడకి తల ఆనించి."

"చేతుల ఫోటో చూపించు."

చూపించాడు. నేను పెద్దది చేసి వేలు వేలూ చూశాను. గోళ్ళు విరగలేదు. పిడికిళ్ళు కమలలేదు.

"చూశావా?"

"ఏం చూడాలి?"

"ఈ గదిలో నిన్ను పెట్టి తాళం వేస్తే ఏం చేస్తావు?"

"తలుపు బాదుతాను."

"ఎంతసేపు?"

"తెరిచేదాకా." అని ఆగాడు. "అంటే స్పృహలో లేదు. మత్తు పెట్టి పడేశాడు."

"స్పృహ లేని మనిషి ట్రే తెచ్చి, బోర్లించి, సరిగ్గా స్పీకర్ కింద వేసుకుని కూర్చుందా? ఒంట్లో మత్తు దొరికిందా?"

"రిపోర్టు రావాలి."

"వచ్చినా అందులో మత్తు ఉండదు. ఆమెకి ఎవరో 'వస్తున్నాం, కూర్చో' అని చెప్పారు. నమ్మింది. తలుపు కొట్టలేదు."

ఇస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు కూడా మడత నలగకుండానే నవ్వుతాడు.

"మేడమ్, నేనూ అదే అంటున్నాను. ఆమె బటన్ నొక్కింది. కంపెనీవాళ్ళు పలికారు. వాళ్ళ రికార్డులో ఉంది: పిలుపు వచ్చింది, గేటుకు చెప్పారు, తలుపు తెరిచారు, పని పూర్తయింది. అంటే మనవాడికి తెలుసు. తెరిచాడు, కోపం తీరక మళ్ళీ లోపలికి తోసి వేసేశాడు."

"అలా తోస్తే బాదదా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నేను నేర్పని పాఠం. అది సొంతంగా నేర్చుకున్నాడు.

"ఆ బటన్ బుధవారం నేనే నొక్కాను! రెండు సెకన్లలో పలికింది!"

"బుధవారం ఇక్కడ పోలీసులున్నారని ఆ కంపెనీకి తెలుసు. ఇప్పుడు చెప్పకుండా నొక్కు. పదకొండున్నరకి. వాళ్ళకు మంచి రద్దీ వేళ. ఆ టైముకి నేను వాళ్ళ హాల్లో ఉంటాను."

"పలికితే కేసులోంచి తప్పుకుంటారా?"

"తప్పుకుంటాను. పలక్కపోతే అతన్ని వదిలేస్తావా?"

"వదిలేస్తాను. నేనే లోపలికెళ్ళి తలుపేయించుకుంటాను. తర్వాత కానిస్టేబుల్ సరిగా నొక్కలేదని మీరనకూడదు."

"ఆ దళసరి కోటు వేసుకో."

గోడకి వేలాడుతున్న కోటును వాసన చూసి మొహం చిట్లించాడు. "నలుగురి చెమట. అయిదు నిమిషాలకి అదెందుకు?"

కానిస్టేబుల్‌ను తాళంచెవితో తలుపు బయట నిలబెట్టాం. ఇప్పుడు గేటు కాపలా అతనిదే కాబట్టి, కంపెనీవాళ్ళ దగ్గర ఉన్న ఫోన్ నంబరు కూడా అతనిదే. సార్ చెప్పేవరకూ కదలొద్దని నేను రెండోసారి కూడా చెప్పాను. అతను తల ఊపాడు.

* * *

ఆ కంపెనీ హాలు ఖరీదైన సబ్బు వాసన వేస్తోంది. గోడ మీద నిలువెత్తు అక్షరాల్లో రాయించుకున్నారు: ప్రతి పిలుపూ మాకు ప్రాణమే. దాని కింద నిలబడి డైరెక్టర్ నాకు స్వాగతం చెప్పాడు. చేతులు మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. కరచాలనం అయ్యాక నా చెయ్యి చీరకి తుడుచుకోవాలనిపించింది.

"ఇక్కడ ఫోన్లు ఎత్తేది మనుషులు కాదండీ, ఏజెంట్లు" అని మొదలుపెట్టాడు. "మనిషి గొంతుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్. మా కస్టమర్లు చాలామంది: హోటళ్ళు, లిఫ్టుల కంపెనీ, బ్యాంకు, మీ కోల్డ్ స్టోరేజీ. ఒక్కొక్కరికీ ఒక మేనేజర్ ఏజెంట్ ఉంటుంది. పిలుపు రాగానే అది పనిని ఒక పనివాడికి అప్పజెబుతుంది."

"పనివాడంటే అదీ సాఫ్ట్‌వేరేనా?"

"అదే. మేనేజర్లు ఎవరికి వారే, పనివాళ్ళు మాత్రం అందరికీ ఉమ్మడి. నలభై ఉన్నాయి. పూల్ అంటాం. ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకుని తిరిగి వదిలేస్తారు. ఖర్చు తక్కువ."

"మరి ఈ మనుషులేం చేస్తారు?"

"మేనేజర్లను చూసుకునే సూపర్‌వైజర్లు. ఒక్కో మేనేజర్‌కీ ఒకరు."

గోడ మీద పెద్ద బోర్డు. నలభై దీపాలు, నలభైకి నలభై ఎర్రగా ఉన్నాయి. అంటే అన్నీ పనిలో ఉన్నట్టు. కానీ హాలు నిశ్శబ్దంగా ఉంది. సూపర్‌వైజర్లలో ఒకాయన గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నేను హోటళ్ళు చూసే అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఈ దీపం ఏం చేస్తోందమ్మా?"

ఆమె తన కంప్యూటర్‌లో దాన్ని నొక్కి చూపించింది. "అతిథి ప్రశ్న కోసం వేచి ఉంది" అని ఉంది.

"అతిథి ఎవరు?"

"ఎవరూ లేరండీ."

"ఇది?"

"అదీ అంతే."

"నలభైలో ఇప్పుడు నిజంగా మాట్లాడుతున్నవి ఎన్ని?"

డైరెక్టర్ వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. "ఏడో ఎనిమిదో" అంది.

"మిగతావి?"

"ఆపుకున్నవి మేడమ్." గొంతు తగ్గించింది. "బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుంటాం చూడండి, అలా. నేను ఆపుకోకపోతే పక్కవాళ్ళు ఆపుకుంటారు. రద్దీలో నాకు దొరక్కపోతే నా మార్కులు పోతాయి. అందుకని ఉత్తుత్తి పనులు పెట్టి అట్టే పెట్టుకుంటాం."

"అందరూనా?"

"అందరూ. మేనేజర్ ఏజెంట్లకి కూడా అదే అలవాటైపోయింది."

నేను డైరెక్టర్ వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"వనరుల వాడకం నూటికి నూరు శాతం ఉన్నట్టు కనిపిస్తే కొత్త కాంట్రాక్టులు వస్తాయండీ" అన్నాడాయన, ఇంటికి సున్నం వేయించిన సంగతి చెబుతున్నంత మామూలుగా.

"సరే. అన్నీ ఆపేసుకున్నాక నీకు నిజంగా ఇంకొకటి కావాలంటే?"

"'ఇంకొకటి' అని బటన్ ఉంది. నొక్కితే సిస్టమే ఎక్కణ్ణించో లాగి ఇస్తుంది."

"ఎక్కణ్ణించి?"

"అది చూపించదు."

"ఆపుకున్నవాటిలోంచి లాగుతుందా?"

"లేదండీ. ఆపుకున్నదానికి తాళం పడుతుంది. దాన్ని ఎవరూ తీసుకోలేరు."

"అంటే తాళం లేనిది..."

వాక్యం పూర్తి చేయలేకపోయాను. తాళం లేనిది నిజంగా పనిలో ఉన్నదే. రుమాలు వేసిన ఖాళీ సీట్లు భద్రంగా ఉంటాయి. కూర్చున్న మనిషిని మాత్రం లేపి బయటికి తోసేస్తారు. ఇది ఇక్కడ రోజూ జరిగే పద్ధతి.

సరిగ్గా అప్పుడే బోర్డు మీద కోల్డ్ స్టోరేజీ వరసలో పిలుపు వెలిగింది. పదకొండున్నర. ఇస్త్రీ మాట మీద నిలబడ్డాడు.

"అది స్పీకర్లో పెట్టండి" అన్నాను.

కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ కళ్ళజోడు సర్దుకుంటూ పెట్టాడు. అతను ఆపుకున్న ఒకే ఒక్క ఏజెంట్ తాళం విప్పుకుని పిలుపు అందుకుంది. ఆడ గొంతు. చల్లగా, దయగా ఉంది.

"నమస్కారం. భయపడకండి, నేను మీతోనే ఉన్నాను. తలుపు తీయడానికి మనిషి వస్తున్నారు. అంతవరకూ తలుపు కొట్టకండి. కదలకుండా ఒకచోట కూర్చోండి."

"కదలకుండానా?" అన్నాను. "చలిగదిలో కదలకుండా కూర్చోమని చెబుతారా ఎవరైనా?"

కళ్ళజోడాయన నీళ్ళు నమిలాడు. "అవి లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి చెప్పే మాటలండీ. పనివాళ్ళు ఉమ్మడి కదా, ఇరుక్కున్నామని ఎవరన్నా అవే మాటలు. వేరేవి రాయాలని అనుకుంటూనే ఉన్నాం."

స్పీకర్లో ఇస్త్రీ గొంతు దర్జాగా వినిపించింది. "నేను ఇన్‌స్పెక్టర్‌ని. మీ పేరేమిటి? గేటుకు ఫోన్ చేశారా?"

"ఇప్పుడే చేస్తు..."

అంతే. గొంతు తెగిపోయింది.

నేను పక్కకి తిరిగాను. హోటళ్ళ అమ్మాయి వేలు ఇంకా 'ఇంకొకటి' బటన్ మీదే ఉంది. ఆమె నా వైపు చూస్తూనే, తల గోక్కున్నంత అలవాటుగా నొక్కింది.

"ఎందుకు నొక్కావు?"

"ఒక గది బుకింగ్ వచ్చింది. నావి పదిహేను ఉండాలి, పద్నాలుగయ్యాయి..." అంటూనే తన వేలినీ బోర్డునూ మార్చి మార్చి చూసింది.

"మంగళవారం సాయంత్రం డ్యూటీ ఎవరిది?"

"నాదే" అంది.

"ఆ రోజూ నొక్కావా?"

"రోజుకు ముప్పైసార్లు నొక్కుతాను మేడమ్."

కోల్డ్ స్టోరేజీ వరసలో పిలుపు కాసేపు మిణుకు మిణుకుమంది. తీసుకునేవాళ్ళు లేరు. తర్వాత దాని రంగు మారి, పక్కన రెండు మాటలు వచ్చాయి: పని పూర్తయింది.

"ఇదేమిటి?" అని అడిగాను.

కళ్ళజోడాయన నేల చూపులు చూశాడు. "పని తెరిచి ఉంటే మేనేజర్ ఏజెంట్‌కి మార్కులు తగ్గుతాయి. అందుకని మూసేస్తుంది. తలుపు తెరిచినట్టు కూడా అదే నింపేస్తుంది. మేమెవరం నేర్పలేదండీ. మార్కులు బాగా రావాలన్నాం, అది దానంతట అదే ఈ దారి పట్టింది."

"చూసి ఊరుకున్నారు?"

"నెల మార్కులు బాగా వచ్చాయి."

ఆ గొంతు మళ్ళీ పలుకుతుందని నమ్మే ఆమె ట్రే తెచ్చుకుని స్పీకర్ కింద కూర్చుందన్నమాట. ఇక చాలు, కేసు తేలిపోయింది. ఇస్త్రీని బయటికి లాగి వాడి మొహం చూద్దామని కానిస్టేబుల్‌కు ఫోన్ చేశాను. వెనక బస్సుల హారన్లు వినిపించాయి.

"ఎక్కడున్నావయ్యా? తలుపు తియ్యి."

"తియ్యడమేంటి మేడమ్? సార్ వెళ్ళిపోయారుగా! నేను స్టేషన్‌కి వచ్చేస్తున్నాను."

"ఎవరు చెప్పారు?"

"కంపెనీ నుంచి ఫోనొచ్చింది. రికార్డు చేసిన గొంతు. 'లోపలి వ్యక్తి క్షేమంగా బయటికి వచ్చారు, మీ సహకారానికి ధన్యవాదాలు' అని. వెనక సరుకులు దింపే తలుపు కూడా బయట నుంచే తీస్తారు కదా, కంపెనీవాళ్ళు అటు తీస్తే వెళ్ళిపోయారనుకున్నాను. సార్ ఎప్పుడూ అంతే, నాకు చెప్పి వెళ్తారా?"

ఫోన్ చెవి దగ్గరే ఉంది. గేటు దగ్గర కూర్చున్న ఒక మొగుడు, పెళ్ళాం మీద అలిగినవాడు, ఇదే గొంతు విని ఉంటాడు. క్షేమంగా బయటికి వచ్చారు. మంచిది, వెనక తలుపు నుంచి ఇంటికి పోయుంటుంది, మాట్లాడకుండా పోయింది, పోనీ, అనుకుని ఉంటాడు. తెల్లారి శవం చూశాక ఆ ఫోను చేతిలో ఉంచుకోగలడా? లేచి నాలుగడుగులు వేసి చూడనందుకు ఉరేసినా తక్కువే అనుకుంటున్నాడు ఆ పిచ్చివాడు. వీళ్ళేమో సబ్బు వాసనలో కూర్చుని మార్కులు లెక్కపెట్టుకుంటున్నారు.

"వెనక్కి తిప్పు!" అని అరిచాను. "సార్ లోపలే ఉన్నాడు. తాళంచెవి నీ దగ్గరే ఉంది. దేనిమీదైనా సరే, పరిగెత్తు!"

ఇస్త్రీ ఒంటి మీద పొట్టి చేతుల చొక్కా. ఆ ఉక్కు గోడల మధ్య సెల్‌ఫోన్ పనిచేయదు. కదలకుండా కూర్చోమన్నదే అతనికి దొరికిన ఆఖరి సలహా.

"ఆ గదికి మళ్ళీ లైన్ కలపండి. లేచి తిరగమని అతనికి చెప్పాలి" అన్నాను.

"ఏజెంట్ లేనిదే లైన్ కలవదు" అన్నాడు కళ్ళజోడాయన. "ఖాళీ లేదు."

"ఖాళీ చెయ్యండి! అందరూ ఆపుకున్నవి వదలండి!"

ఎవరూ కదల్లేదు. గోళ్ళు కొరుక్కునే ఆయన ఇంకో గోరు అందుకున్నాడు. ముందు తను వదిలితే పక్కవాడు ఎత్తుకుపోతాడని ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. ఒక మనిషి గడ్డకడుతుంటే వీళ్ళకి ఇంకా రుమాళ్ళ గొడవే.

డైరెక్టర్ నా భుజం దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, ఒక్కసారిగా అన్నీ వదిలితే బోర్డు మీద రికార్డు అంతా మారిపోతుంది. సాయంత్రం ఒక పెద్ద కాంట్రాక్టు సంతకం ఉంది. మీ కానిస్టేబుల్ ఎలాగూ వెళ్తున్నాడు కదా. మాకు సంబంధించినంత వరకూ అది పూర్తయిన పని."

జీవితంలో ఎందరో హంతకులతో మాట్లాడాను. ఎవరి మొహం మీదా ఉమ్మాలనిపించలేదు. ఈయన మొహం మీద ఉమ్మేశాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన రుమాలు తీసి తుడుచుకున్నాడు, వాన చినుకు పడ్డట్టు.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. హోటళ్ళ అమ్మాయి లేచి నిలబడింది. ఏడుస్తోంది. వంగి, రెండు చేతులతో గబగబా నొక్కడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఆమె దీపాలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి. అది చూసి గోళ్ళు కొరుక్కునే ఆయన తనవీ వదిలాడు. ఇక మిగతావాళ్ళు తప్పదన్నట్టు వదిలారు. నలభై దీపాలు పచ్చబడ్డాయి.

కానీ పచ్చగా ఉన్నది రెండు సెకన్లే. ఎవరూ ఏమీ నొక్కకుండానే దీపాలు మళ్ళీ ఎర్రబడటం మొదలుపెట్టాయి.

"ఎవరు ఆపుకుంటున్నారు?" అన్నాను.

"ఎవరూ కాదు మేడమ్." ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "సగంలో లాగేసిన పనిని ఏజెంట్ మర్చిపోదు. చెయ్యి ఖాళీ అవగానే మళ్ళీ అందుకుంటుంది. మేనేజర్ మూసేసినా సరే, ఆ మనిషి నోటితో 'బయటికొచ్చాను' అనేదాకా దానికి పని అవ్వనట్టే. వాటి చెయ్యి మేమెప్పుడూ ఖాళీ అవనివ్వలేదు."

కోల్డ్ స్టోరేజీ లైన్ కలిసింది. స్పీకర్లో పళ్ళు టకటకలాడే చప్పుడు వినిపించింది. దాని మీద అదే చల్లని ఆడ గొంతు.

"అమ్మా, ఆలస్యానికి మన్నించండి. మధ్యలో వేరే పని మీద వెళ్ళాల్సి వచ్చింది. మీరు ఇంకా అక్కడే ఉన్నారా?"

"ఎవ... ఎవర్ని అడుగుతున్నావు?" ఇస్త్రీ గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

"మంగళవారం సాయంత్రం బటన్ నొక్కిన అమ్మను. పాప ఒక్కతే ఉంటుంది, తొందరగా తీయించమన్నారు. వారు అక్కడ ఉన్నారా?"

పళ్ళ చప్పుడు మరింత పెరిగింది.

"లేచి తిరుగు!" అని నేను మైకులోకి అరిచాను. "కూర్చోకు! కానిస్టేబుల్ వస్తున్నాడు, తిరుగుతూ ఉండు!"

"తిరుగుతున్నా మేడమ్... తలుపు బాదుతూనే ఉన్నా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "స్టేషన్‌కి చెప్పండి. వాణ్ణి కోర్టుకి తీసుకెళ్ళొద్దని నేను చెప్పానని చెప్పండి. ముందది చెప్పండి. నేను... వాంగ్మూలం నేనిస్తాను."

నేను స్టేషన్‌కు ఫోన్ కలిపాను. జీపు గేటు దాటబోతుంటే ఆపారు. బెంచీ మీద ఉన్న పెద్దావిడకి ఫోన్ ఇమ్మని అడుగుతుండగా, నా వెనక గొంతులు మొదలయ్యాయి.

హాల్లో ప్రతి బల్ల మీదా స్పీకర్ పలుకుతోంది. అన్నిటిలోనూ ఒకటే గొంతు, ఒకటే మాట. ఆలస్యానికి మన్నించండి. మీరు ఇంకా అక్కడే ఉన్నారా? సూపర్‌వైజర్లు ఒక్కొక్కరే తమ బల్లల దగ్గర నుంచి వెనక్కి జరిగారు. డైరెక్టర్ "ఆపండి, కరెంటు తీసెయ్యండి" అని కేకలేస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. గొంతు అడుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ అడుగుతోంది. లైన్లలో గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు.

లిఫ్టుల బల్ల దగ్గర మాత్రం జవాబు వచ్చింది. ముసలి గొంతు, గొణుగుతున్నట్టుగా ఉంది. అందరం ఆ బల్ల వైపు తిరిగాం.

"ఉన్నానండీ. కదలొద్దన్నారు కదా, కదల్లేదు."